ఇంజను జెద్దాలో, బండి ఖతీఫ్‌లో

మా చిన్నాయన పోయాడన్న కబురు నాకు చెప్పింది సౌదీలో, ఖతీఫ్‌లో ఆయన పనిచేసిన ఇంట్లో వంట చేసే కాకినాడ ఆవిడ. నేనప్పుడు ఖఫ్జీలో, మా కంపెనీ స్టోర్లో వాల్వుల పెట్టెలు విప్పిస్తున్నాను. "బాబూ, మీ చిన్నాన్నగారు పొద్దున్న టీకి రాలేదండి. ఎప్పుడూ ఆలస్యం చెయ్యరు కదాని గది తలుపు కొట్టానండి," అని అక్కడితో ఆగిపోయింది. మిగతాది ఆమె చెప్పనక్కర్లేకపోయింది. గుండె ఆగిందట, నిద్రలోనే.

వెంటనే కారు తీసి ఖతీఫ్‌కు బయల్దేరాను. దారంతా నాకు ఏడుపు రాలేదు. కోపం వచ్చింది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలా మొదలుపెట్టకూడదని తెలుసు, కానీ ఉన్నది ఉన్నట్టు చెప్పకపోతే ఆయన గురించి రాయడమే దండగ. 'చిన్నాయనా, ఆ బండికి ఏదో ఒక ఇంజను పెట్టించు, ముసలాయన్ని ఒక్కసారి తిప్పు, తర్వాత ఊరికి పో' అని ఏళ్ల తరబడి నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వినలేదు. బండి కదల్లేదు, ఆయన ఊరికి పోలేదు, ముసలాయన కూర్చున్నచోటే కూర్చుని ఉన్నాడు. ఎవరి మీద అరవాలో తెలియక ముందు పోతున్న ట్యాంకరు మీద హారన్ కొట్టుకుంటూ పోయాను.

ముసలాయన అంటే చిన్నాయన కఫీల్, వీసా ఇచ్చి పనిలో పెట్టుకున్న యజమాని. మా చిన్నాయనది ప్రొద్దుటూరు. నాకు మీసాలు రాకముందే హౌస్ డ్రైవర్ వీసా మీద ఖతీఫ్ వచ్చి, గేటు పక్క గదిలో దిగి, మళ్లీ వేరే ఇంటి మొహం చూడలేదు. ఇంట్లో పిల్లల్ని బడికి దింపడానికి ఒక పెద్ద జీపు ఉండేది. వెనక షెడ్డులో ఇంకో బండి ఉండేది. ఈ కథంతా ఆ రెండోదాని గురించే.

అదొక పాత జర్మనీ స్పోర్ట్స్ కారు. కంపెనీ పేరు రాయను. ఇంజను వెనక, డిక్కీ ముందు, ఇంజను చల్లబడడానికి నీళ్లు కాదు గాలి, తాళంచెవి స్టీరింగుకు ఎడమ పక్కన అంటే కార్ల పిచ్చి ఉన్నవాళ్లకు తెలిసిపోతుంది. కఫీల్ వయసులో ఉన్నప్పుడు, చమురు డబ్బు కొత్తగా కళ్లబడుతున్న రోజుల్లో, ఓడ మీద తెప్పించుకున్నాడు. ఆవపిండి రంగు. ఆ కాలంలో మిగతా కార్లు ఎండకు రేడియేటర్లు పొంగి రోడ్డు పక్కన నిలబడిపోతుంటే ఇది మాత్రం పోతూనే ఉండేదని చిన్నాయన చెప్పేవాడు, అదేదో తన చేత్తో తయారుచేసినట్టు. తాళం ఎడమ పక్కన ఎందుకు పెట్టారో కూడా చెప్పేవాడు. పూర్వం పందెంలో డ్రైవర్లు పరిగెత్తుకుంటూ వచ్చి కూర్చుని, ఎడమ చేత్తో స్టార్టు చేస్తూనే కుడి చేత్తో గేరు వేసుకునేవాళ్లట. నిజమో కాదో నాకు తెలియదు. నేను వద్దన్నా వినిపించేవాడు.

చూపు మందగించాక కఫీల్ స్టీరింగు వదిలేసి పక్క సీటుకు మారాడు. అప్పటినుంచి ప్రతి శుక్రవారం నమాజయ్యాక ఇద్దరూ ఆ బండిలో సముద్రపు ఒడ్డు రోడ్డు మీద తిరిగి వచ్చేవాళ్లు. చిన్నాయన చెప్పులు బయట విడిచి వట్టి కాళ్లతో తోలేవాడు. కఫీల్ నవ్వితే, "కాలికి తెల్వాల గదా దాని మాట," అని నేనక్కడుంటే నాకు తెలుగులో చెప్పి, ఆయనకు అరబీలో ఇంకేదో చెప్పేవాడు. నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే. "కోపం వచ్చినా రానీ అబ్బీ, కాళ్లల్లోకి రానీయొద్దు," అనేవాడు. ఆ మాట నేను రోజూ తప్పుతున్నాను.

తిరిగి వచ్చాక ఒక పద్ధతి ఉండేది. షెడ్డులో బండి నిలిపి, ఇంజను ఆడుతుండగానే, "నువ్వు పోయి చాయ్ తాగు," అని కఫీల్ చిన్నాయన్ని పంపేసేవాడు. వెనక మూత ఎత్తి ఆయిలూ గీయిలూ ఆయనే చూసుకునేవాడు. ఆ ఇంజను మీద ఇంకొకరి చెయ్యి పడనిచ్చేవాడు కాదు.

ఒక ఏడాది కఫీల్‌కు గుండె ఆపరేషనంటే పెద్దకొడుకు వేరే దేశం తీసుకుపోయాడు. నెలలు పట్టింది. ఆయన వచ్చేసరికి బండి తయారుగా ఉండాలని చిన్నాయనకు ఆశ. ఒకరోజు మూత ఎత్తి ఆయిలు పుల్ల లాగి చూశాడు. ఖాళీ. పోశాడు. మళ్లీ చూశాడు, చాల్లేదు. ఇంకా పోశాడు. స్టార్టు చేసి గేటు దాకా తెచ్చేసరికి తెల్లటి పొగ వీధంతా కమ్మేసింది. పొరుగువాళ్లు ఇల్లు అంటుకుందనుకుని బయటికొచ్చారు. పెద్దకొడుకు ఫోనులో వీడియో చూసి, దాని పనైపోయింది, నాన్న వచ్చేలోపు తష్‌లీహ్‌కు తోలెయ్యి అన్నాడు. తష్‌లీహ్ అంటే ఇక్కడ పాత బండ్లు విప్పి ముక్కలుగా అమ్మే చోటు. చిన్నాయన ఇకామా, అంటే ఇక్కడ ఉండనిచ్చే గుర్తింపు కార్డు మీద ఆ ఇంటివాళ్ల పేరుంటుంది. ఎదురెలా చెప్తాడు? తోలేశాడు.

కఫీల్ తిరిగొచ్చిన రోజు సంగతి చిన్నాయన నాకు చాలాసార్లు చెప్పాడు. "ఆయప్ప నేరుగా షెడ్డు కాడికి పొయినాడు. ఖాళీ చూసినాడు. ఒక్క మాట అన్లేదు. లోపలికి పొయినాడు. తిట్టింటే బాగుండు అబ్బీ." ఆ మర్నాడే చిన్నాయన తష్‌లీహ్‌కు వెళ్లాడు. బండి ఉంది. తలుపులు ఒకచోట, సీట్లు ఇంకొకచోట. ఇంజను మాత్రం అప్పటికే అమ్ముడుపోయింది.

బండి డొల్లను షెడ్డుకు తెప్పించి, తలుపులు కొన్నాడు, సీట్లు కొన్నాడు, మీటర్లు ఎక్కడో దొరికితే అవీ తెచ్చాడు. సెలవులన్నీ వాటికే పోయాయి. ప్రొద్దుటూరు నుంచి చిన్నమ్మ నాకు ఫోను చేసేది. "మీ చిన్నాయన ఈసారన్నా వస్తాడా, లేకుంటే ఇంకో తలుపు దొరికిందా?" అని అడిగేది. ఏం చెప్పను? ఈసారి స్టీరింగు చక్రం దొరికింది చిన్నమ్మా అని చెప్పేవాణ్ని.

ఇంజను దొరికింది జెద్దాలో. ఇలాంటి పాత బండ్లు కూడబెట్టే ఒక గాజు వ్యాపారి దాన్ని కొని, అదే రకం ఇంకో బండికి బిగించుకున్నాడు. ఇక్కడ మీకొక సంగతి చెప్పాలి. ఆ ఫ్యాక్టరీలో ఇంజను మీద ఒక నంబరు, బండి మీద ఒక నంబరు కొడతారు. ఏ బండికి ఏ ఇంజను పుట్టిందో వాళ్ల దగ్గర రాసి ఉంటుంది. ఆ రెండూ కలిసి ఉంటేనే సేకరించేవాళ్లకు అది బండి. లేకపోతే ఎంత తళతళలాడినా మొహం చిట్లిస్తారు. ఆ వ్యాపారికి ఇంజను ఉంది, దానితో పుట్టిన బండి కావాలి. మా చిన్నాయనకు బండి ఉంది, ఇంజను కావాలి. అమ్మమంటే ఆయన అమ్మడు, ఇమ్మంటే ఈయన ఇవ్వడు. మధ్యలో ఫోటోలు పంపుతూ, మెయిళ్లు రాస్తూ నేను.

ఉమ్రాకని మక్కా యాత్రకు పోయినప్పుడు ఇద్దరం ఆయన దగ్గరికి వెళ్లాం. మర్యాద గల మనిషి. ఏసీ గదిలో బండ్లన్నీ దుప్పట్లు కప్పుకుని ఉన్నాయి. గహ్వా అనే అరబ్బుల కాఫీ, ఖర్జూరాలు పెట్టించి, మా ఇంజను స్టార్టు చేసి వినిపించాడు. పొగా లేదు, దగ్గూ లేదు. చిన్నాయన చేతులు వెనక్కి కట్టుకుని వింటున్నాడు. ఇంజను బాగా వేడెక్కాక ఆ పెద్దమనిషి, అది ఆడుతుండగానే, ఆయిలు పుల్ల లాగి చూశాడు.

"ఆడతా ఉంటేనే చూస్తారా?" అని చిన్నాయన అరబీలో అడిగాడు.

"దీనికి అట్లాగే చూడాలి. ఆపేస్తే ఆయిలు కిందికి దిగిపోతుంది. పుల్ల ఖాళీగా కనబడుతుంది. తెలియనివాళ్లు ఇంకా పోసి, పొగ చూసి, ఇంజను పోయిందనుకుంటారు," అని ఆయన నవ్వాడు. పాపం ఆయనకేం తెలుసు.

 తిరుగు బస్సులో చిన్నాయన అన్నాడు: "మంచి ఇంజను అబ్బీ. దానికేం కాలే. పొగ నేను పెట్టిందే."

"తెలియక చేశావు చిన్నాయనా. కఫీల్‌కు చెప్పేసేయ్. అయిపోతుంది."

"ఏమని చెప్పల్ల? నీ బండిని నేనే నాశనం చేసినా అనా? ఇంజను తెచ్చినంక చెప్తా."

అప్పటినుంచి మరీ మొండికెత్తాడు. అంతకుముందే నయం. వేరే ఇంజను పెడదామంటే, "అది ఆయప్ప బండి ఎట్లయితాది?" అనేవాడు. జెద్దా ఆయన ఫోను చేసి 'నేను ఓపికగల మనిషిని' అంటే, "ఆయనకు ఓపికుంటే నాకు లేదా? కూచుంటా," అనేవాడు. ఒకరు పోయేదాకా ఇంకొకరు చూడడమేనా అని నేను ఒకసారి అరిచేశాను. ఆయన బండి మీద గుడ్డ కప్పి, టీ పెట్టడానికి పోయాడు. శుక్రవారాలు షికారూ లేదు. నమాజు నుంచి కఫీల్‌ను ఇంట్లో దింపి తన గదిలోకి పోయి తలుపేసుకునేవాడు. ఇది నాకు అర్థమయ్యేది కాదు. అర్థం కానిదానికి ఇంకా కోపమొచ్చేది.

ఇలాంటి మనిషి అలా నిద్రలో పోయాడు. కాగితాలకు రోజులు పట్టింది. ఈ ఆఫీసులో స్టాంపు ఉంటే ఆ ఆఫీసులో సార్ లేడు. ఇక్కడే మట్టి చేయడానికి ఒప్పుకుంటూ చిన్నమ్మ ఊరి నుంచి సంతకం పంపాలి. ఫోనులో ఆమె ఏడవలేదు. "వస్తాండా వస్తాండా అని ఆడ్నే ఉండిపాయ. సరే, ఆడ్నే మట్టి చేయండి," అంది. వెంటనే, "ఆ బండన్నా కదిలిందా?" అని అడిగింది. లేదు చిన్నమ్మా అన్నాను. ఫోను పెట్టేసింది.

మట్టి అయ్యాక కఫీల్ నన్ను పిలిపించాడు. షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. నా అరబీ స్టోర్‌లో నేర్చుకున్న అరబీ, కానీ ఆయన నిదానంగా మాట్లాడాడు. జెద్దా ఆయనకు ఫోను చెయ్యమన్నాడు. వచ్చి బండి తీసుకుపొమ్మను, ఊరికే ఇస్తున్నానని చెప్పు అన్నాడు.

నేను అడ్డుపడ్డాను. "ఇన్నేళ్లు మా చిన్నాయన ఆ ఇంజను మీ కోసం..."

"నేను అడిగానా?" అన్నాడు.

ఉండబట్టలేక పొగ సంగతి మొత్తం చెప్పేశాను. చిన్నాయన చెప్పలేనిది నేనన్నా చెప్పాలి కదా. ఆయన తల ఊపుతూ విన్నాడు.

"తెలుసు. ఆస్పత్రి నుంచి వచ్చిన రోజే షెడ్డు వెనక ఖాళీ ఆయిలు డబ్బాలు చూశాను. ఎట్లా చూడాలో నేను వాడికి నేర్పలేదు. తప్పు నాది."

"ఆ మాట ఆయనకు చెప్పలేదా?"

"సిగ్గుపడతాడని చెప్పలేదు," అన్నాడు. "నాకు కావలసింది బండి కాదు, ఆ శుక్రవారం షికార్లు. జీపు తీసినా ఎక్కేవాణ్ని. మళ్లీ ఎప్పుడు పిలుస్తాడా అని చూశాను. వాడు పిలవలేదు."

ఏమనాలి ఈ ఇద్దరినీ. ఒకే గోడ లోపల, ఒకరి టీ ఒకరు తాగుతూ, ఇన్నేళ్లు. నాకు ఆ ముసలాయన మీదా, మట్టిలో ఉన్న మా చిన్నాయన మీదా ఒక్కసారే ఎంత ఒళ్లు మండిందంటే, అక్కణ్నుంచి లేచి గేటు దాకా పోయి వచ్చాను. వచ్చేసరికి ఆయన ఇంకా అలాగే ఉన్నాడు. ఇక చేసేదేముంది. జెద్దాకు ఫోను కలిపి ఇచ్చాను.

బండి ఎక్కించుకుపోవడానికి లారీ వచ్చింది. గేటు ఇరుకని లోపలికి రాలేదు. బండిని షెడ్డు నుంచి వీధిలోకి తోయాలి. నేను తలుపు తీసి డ్రైవర్ సీట్లో కూర్చోబోతుంటే కఫీల్ వద్దని చెయ్యి అడ్డం పెట్టాడు. అవతలి తలుపు వైపు నడిచి, మనవడి భుజం పట్టుకుని, వంగి పక్క సీట్లో కూర్చున్నాడు. తొయ్యమన్నాడు. లారీవాళ్లు వెనక నుంచి తోశారు. నేను కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగు తిప్పుతూ పక్కన నడిచాను. కాకినాడ ఆవిడ వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. ఇంజను లేని బండి కదా, చప్పుడు లేదు. రాళ్ల మీద టైర్ల గరగర తప్ప ఏమీ వినబడలేదు. నా పక్కన డ్రైవర్ సీటు ఖాళీ. దాని అవతల ముసలాయన, గేటు దాటేదాకా రోడ్డు వైపే చూస్తూ కూర్చున్నాడు.