అత్తకి చెప్పకూడని మాట

నా నోరు మంచిది కాదని మా వీధిలో అందరికీ తెలుసు. పెళ్ళికి ముందు మా అమ్మ, పెళ్ళయ్యాక మా అత్త ఆ మాట అంటూనే వచ్చారు. ఉన్నమాట అనడానికి భయమెందుకని నేను ఎదురు వాదించేదాన్ని. ఉన్నమాటతోనే మనిషిని నిలువునా చంపొచ్చని నాకు నలభయ్యో ఏట తెలిసింది. అప్పుడు నేను పెడన కాలవలో నడుము లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాను.

మాది కలంకారీ అద్దకం ఇల్లు. అత్త నాకు సొంత మేనత్త కాబట్టి మా ఆయన చిన్నప్పటి నుంచీ నాకు బావే. అద్దిన బట్టను కాలవలో ఉతికే పని బావది, వాళ్ళ తమ్ముడిది. అచ్చు వేశాక బట్ట మీద మిగిలిన పటిక పారే నీళ్ళలోనే పోవాలి. నిలవ నీళ్ళలో ముంచితే అది తెల్లటి జాగాలోకి పాకుతుంది, తర్వాత రంగులో ఉడకబెట్టినప్పుడు అక్కడంతా ఎర్రటి మరకలు తేలతాయి. అందుకని ఇద్దరు మనుషులు నీళ్ళలో దిగి, చెరో కొస పట్టుకుని, బట్ట తానును ప్రవాహంలో పరిచి నిలబడాలి. ఒక్కరు కొస వదిలినా తాను మెలిపడుతుంది, పది రోజుల చాకిరీ గంగలో కలుస్తుంది. ఈ పని కొడుకులిద్దరికీ అత్తే నేర్పింది. కొస జారవిడిచిన రోజున వీపు మీద ఒక్కటిచ్చేదట. "ఏం వచ్చినా కొస వదలమాకండ్రా" అనేదట.

ఆ ఏడు పైన లాకులు ఎత్తి నీళ్ళు జోరుగా వదిలారు. అన్నదమ్ములిద్దరూ ఎప్పటిలాగే దిగారు. మా మరిదికి కాలు జారి తల రేవు రాయికి కొట్టుకుంది. ఈత వచ్చినవాడే, కానీ ఆ దెబ్బకి స్పృహ తప్పి నీళ్ళతో పాటు కొట్టుకుపోయాడు. మర్నాడు దిగువన వంతెన దగ్గర దొరికాడు. ముప్ఫై రెండేళ్ళు, పెళ్ళి కూడా కాలేదు.

పదో రోజు కర్మ అయ్యాక మధ్యాహ్నం దొడ్లో కూర్చుని బావ నాకు అసలు సంగతి చెప్పాడు.

"వాడు నా పక్కనుంచే వెళ్ళాడే. చెయ్యి చాపితే అందేవాడు. నా రెండు చేతులూ కొస మీద ఉన్నాయి. వదుల్దామనే అనుకున్నా. వేళ్ళు విడలేదు."

నా చెయ్యి పట్టుకుని అన్నాడు, "అమ్మకి చెప్పమాకు."

తన తల మీద నా చెయ్యి పెట్టించుకుని ఒట్టేయించుకున్నాడు. తమ్ముడు దూరంగా కొట్టుకుపోయాడనీ, పెద్దవాడికి అందలేదనీ మాత్రమే అత్తకి తెలుసు. రోజూ అన్నం దగ్గర కొడుకు తల నిమిరి "నువ్వేం చేస్తావురా నాయనా, అందలేదు కదా" అనేది. బావ ఆ ఒక్క మాట పట్టుకుని బతుకుతున్నాడు. అది నాకు తెలుసు. తెలిసే చేశాను కాబట్టి ఇదంతా రాయాల్సి వస్తోంది.

ఆ తర్వాత బావ నీళ్ళలో దిగలేదు. పంపు కింద బకెట్టు నిండే చప్పుడు వింటే లేచి వీధిలోకి వెళ్ళిపోయేవాడు. అన్నం కలుపుతూ కలుపుతూ పిడికిలి బిగించేసేవాడు. నేను ఒక్కో వేలూ విడదీస్తే మెతుకులు పచ్చడై రాలేవి. అవనిగడ్డ బస్సులో వంతెన వస్తే ముందు సీటు రాడ్డు పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. జడుసుకున్నాడని తాయెత్తు కట్టించాం. రేవులో ఆడవాళ్ళు "మీ ఆయనకి చెంబుతో స్నానం చేయిస్తున్నావంటగా" అని నవ్వితే నేనూ వాళ్ళతో కలిసి నవ్వాను. ఇంటికొచ్చి ఆ కసంతా ఆయన మీదే తీర్చుకునేదాన్ని. మొదటి మూడు నెలలు జాలిపడ్డాను. తర్వాత విసుగొచ్చింది. ఏడాది తిరిగేసరికి నిజంగా అసహ్యం వేసింది. మనిషి దుఃఖానికి మనం ఇచ్చే గడువు ఇంత తక్కువని నాకు అంతకు ముందు తెలియదు.

ఒక ఉదయం, అన్నదమ్ముల బదులు పెట్టుకున్న ఉతికే కూలీలు రాలేదు. అచ్చు వేసిన తానులు వరసగా ఎదురుచూస్తున్నాయి. అత్త చీర ఎగ్గట్టి "పదవే, మనమే దిగుదాం" అంది. అప్పటికే ఆవిడకి అరవై ఐదు దాటాయి. నేనొక కొస, ఆవిడొక కొస పట్టుకుని నిలబడ్డాం. ఆవిడ పెదవులు చలికి నల్లబడుతున్నాయి. గట్టు మీద రేకుల నీడలో బావ గొంతుక్కూచుని, తన చొక్కా అంచు రెండు పిడికిళ్ళతో బిగించి పట్టుకున్నాడు.

"అమ్మా, బయటికొచ్చెయ్యండి. రేపు ఉతికిద్దాం. చెప్తుంటే ఇనరేంటి" అని ఏడుపు గొంతుతో అరిచాడు.

ఆ ఏడుపు వింటే నాకు ఒళ్ళు మండిపోయింది.

"నోరుమూసుకో బావా! ముసలావిడ నీళ్ళలో ఉంటే గట్టు మీద కూర్చుని ఏడవడానికి సిగ్గులేదూ! ఆ రోజు చెయ్యి చాపితే అందే తమ్ముణ్ణి వదిలేసి గుడ్డ పట్టుకున్నావే, ఇవాళ ఆ గుడ్డన్నా వచ్చి పట్టుకో!"

నోరు జారిందని చాలామందితో చెప్పుకున్నాను. అది అబద్ధం. ఆ మాట నాలుక మీదికి రాగానే దాని బరువు నాకు తెలిసింది. మింగెయ్యడానికి వ్యవధి కూడా ఉంది. కానీ అనాలనిపించింది. అన్న క్షణంలో హాయిగా కూడా ఉంది.

అత్త నా వైపు చూడలేదు. చేతిలో కొస వదిలేసింది. బట్ట మెలితిరిగి నా నడుముకి చుట్టుకుంది. ఆవిడ నీళ్ళను తోసుకుంటూ మెట్లెక్కింది. బావ లేచి నిలబడి "అమ్మా" అన్నాడు. ఆవిడ ఆయన పక్కనుంచే, చీర కుచ్చెళ్ళు పిండుకుంటూ ఇంటికి వెళ్ళిపోయింది.

అత్త ఇంకా రెండేళ్ళు బతికింది. ఆ రెండేళ్ళలో పెద్దకొడుకుతో ఒక్క మాట మాట్లాడలేదు. వంట చేసేది, కంచం పెట్టేది, "మీ ఆయన్ని తినమను" అని నాతో చెప్పేది. ఆయన ఎదురుగానే ఉండేవాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను, కొస వదలొద్దన్నది నీ పెంపకమే కదా అని పోట్లాడాను కూడా. "నీతో నాకు గొడవ లేదమ్మా, నువ్వు నిజమే చెప్పావు" అంది. ఆఖరి రోజుల్లో మంచం పక్కన బావ గ్లాసుతో మంచినీళ్ళు పట్టుకుంటే మొహం గోడవైపు తిప్పేసుకుంది. నేను పోస్తే తాగింది.

బావ నన్ను ఏమీ అనలేదు. తిట్టలేదు, కొట్టలేదు. తిడితే ఎంత బాగుండునో. తిన్నావా అంటే తిన్నాను, వస్తావా అంటే రాను, అంతే. అత్త పోయాక అన్నం కూడా మానేస్తుంటే భయపడి బందరులో మానసిక వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. చిన్నమ్మాయే, ఓపికగా అడిగింది.

"ఆ రోజు ఏం జరిగిందో చెప్తారా అండీ?"

బావ తల దించుకున్నాడు. నేను అలవాటు చొప్పున అందుకున్నాను.

"నేను చెప్తానండీ, ఈయన…"

బావ తలెత్తి డాక్టరమ్మ వైపు చూశాడు. "ఈవిణ్ణి బయటికి పంపించండి. చెప్తాను."

వరండాలో బల్ల మీద కూర్చున్నాను. మూసిన తలుపు వెనక బావ గొంతు మొదలైంది. మాటలు తెలియడం లేదు, గొంతు మాత్రం వినిపిస్తోంది. ఆగుతోంది, ఏడుస్తోంది, మళ్ళీ మొదలవుతోంది. ముప్పావు గంట మాట్లాడాడు. మా ఇంట్లో మూడేళ్ళుగా అన్ని మాటలు నేను వినలేదు.

బయటికొచ్చాక ఇద్దరం బస్టాండుకి నడుస్తున్నాం. ఆయన మొహం ఉబ్బిపోయి ఉంది, నడక మాత్రం కాస్త తేలికపడింది. నేను ఉండబట్టలేకపోయాను.

"ఏం చెప్పావు బావా?"

ఆయన ఆగి నన్ను చూశాడు. "నీకు ఎందుకు చెప్పాలి?" అన్నాడు.

ఆ గొంతులో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. ఒక కారణం చెబితే విందామన్నట్టు నిజంగానే అడిగాడు. పెడన బస్సు వచ్చేదాకా వెతికాను. నాకు ఒక్కటీ దొరకలేదు.