డాక్టరు రాయని జబ్బు

నలభై దాటినవాడు మెడికల్ కోడింగ్ నేర్చుకోవడమేమిటని అమలాపురంలో నన్ను చాలామంది అడిగారు. వీడికి సిగ్గులేదు అనుకున్నవాళ్ళూ ఉన్నారు. వయసుకు నేను సిగ్గుపడలేదు, పడను. సిగ్గుపడాల్సిన పని వేరే ఒకటి చేశాను. అది రాస్తాను.

గడియార స్తంభానికి దగ్గర్లో ఒక మందుల షాపులో నేను చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. చీటీ లేకుండా వచ్చినవాళ్ళకి బాధ విని మందిచ్చేవాణ్ణి. చీటీతో వచ్చినవాళ్ళకి మందు చూసి జబ్బు చెప్పేవాణ్ణి. "నాన్నగారికి గుండె కదండీ?" అంటే, "ఆయ్, మీకెలా తెలిసిందండీ?" అని నోరు తెరిచేవారు. అలా నోరు తెరిపించడానికి నేను బాగా రుచి మరిగాను. కౌంటరు దగ్గర పదిమందీ వింటున్నారన్న ఆలోచన ఒక్కసారైనా రాలేదు.

కోడింగంటే అమెరికా ఆసుపత్రుల్లో డాక్టర్లు రాసిన చార్టులు చదివి, ప్రతి జబ్బుకూ, చేసిన ప్రతి వైద్యానికీ ఒక కోడు వెయ్యడం. ఆ కోడ్లను బట్టే బిల్లు తయారై ఇన్సూరెన్సు కంపెనీకి వెళ్తుంది. ఒక బేకరీ పై అంతస్తులో మా క్లాసు. కింద కేకులు కాలుతుంటే పైన మేము పేగుల పేర్లు వల్లించేవాళ్ళం. పాఠం చెప్పే మేడమ్‌ది రాజోలు వైపు. హైదరాబాదులో ఈ పనే చేసి వచ్చిన మనిషి, నాకంటే బాగా చిన్నది.

"డాక్టరు రాస్తేనే జబ్బు. రాయకపోతే లేదు. అనుమానముంటే డాక్టర్ని అడుగుతూ ప్రశ్న పెట్టండి. ఊహించి కోడు వెయ్యకండి" అని మొదటిరోజే చెప్పింది. పిల్లలందరూ రాసుకున్నారు. నేను నవ్వుకున్నాను.

కోర్సు చివర పరీక్ష. అందులో నెగ్గినవాళ్ళనే విశాఖపట్నం కంపెనీ ఇంటర్వ్యూకి పంపుతారు. నిలబడి నిలబడి మోకాళ్ళు అరిగిన నాకు, కూర్చుని చేసే ఆ ఉద్యోగం కావాలి. నా పక్క సిస్టం దగ్గర కూర్చునే, పలివెల నుంచి బస్సులో వచ్చే అమ్మాయికి ఇంకా ఎక్కువ కావాలి. ఈసారి రాకపోతే ఇక బస్సెక్కేది లేదని ఇంట్లో చెప్పేశారట.

పరీక్షలో వచ్చిన చార్టు ఒక యువతిది. నెలసరి సరిగా రావడం లేదని వచ్చింది. వాడుతున్న మందుల్లో మెట్‌ఫార్మిన్ ఉంది. షుగరుకి నేను రోజూ అమ్మే బిళ్ళ అది. డాక్టరు షుగరు మాట ఎక్కడా రాయలేదు. నేను షుగరు కోడు వేసేశాను. అంతటితో ఆగితే బాగుండేది. పక్కకి చూస్తే పలివెల అమ్మాయి అది వెయ్యకుండానే ముందుకు వెళ్ళిపోతోంది.

"షుగరు వదిలేశావేంటమ్మా?" అన్నాను, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని.

"డాక్టరు రాయలేదు కదండీ, బాబాయిగారూ."

"ఇన్నేళ్ళు బిళ్ళలమ్మినవాణ్ణి. నా మాట విను. వెయ్యి."

వేసింది.

సాయంత్రం మేడమ్ మా ఇద్దర్నీ నిలబెట్టింది. "అందరిలోనూ మీ ఇద్దరే ఆ పేషెంటుకి లేని షుగరు అంటగట్టేరు. ఆ బిళ్ళ నెలసరి తేడాలకీ ఇస్తారు. ఇప్పుడా పిల్ల రికార్డులో షుగరని పడితే ఎవరు చెరుపుతారండీ?" ఆ బిళ్ళ దానికీ ఇస్తారని నాకు తెలుసు. తెలిసీ ఆగలేదు.

తర్వాత అమ్మాయి వైపు తిరిగింది. "బాబాయిగారిది అలవాటులో పొరపాటు. నువ్వు ఆయన్ని చూసి వేసేవు. ఆయనకి రేపు ఇంకో చార్టు ఇస్తాను. నిన్ను ఇంటర్వ్యూకి పంపను."

అమ్మాయి నా వంక చూసింది. నేను కీబోర్డు వంక చూశాను.

షాపుకొచ్చి జరిగింది చెబితే మా షావుకారుగారు పకపకా నవ్వారు. "ఇంకో చార్టు ఇస్తానంది కదా, నోరు మూసుకుని రాయవయ్యా డాక్టరూ! ఆ పిల్లకి చిన్న వయసు, మళ్ళీ రాసుకుంటుంది. నీకింకా టైమేవుంది, ఇవాళో రేపో కళ్ళజోడు మార్చాలి."

సరిగ్గా నేనూ దారంతా అదే అనుకుంటూ వచ్చాను. నా ఆలోచన ఆయన నోట వినేసరికి నా మీద నాకే అసహ్యం పుట్టింది.

పొద్దున్నే మేడమ్ చార్టు తెరిచి ఇవ్వబోతే చెప్పాను. "ఆ అమ్మాయి చూసి వెయ్యలేదు మేడమ్. వద్దంటున్నా వినకుండా నేనే వేయించాను. ఆ చార్టు ఆవిడకివ్వండి."

"నిన్నెందుకు చెప్పలేదండీ?"

"ఇంటర్వ్యూ పోతుందని."

"ఇప్పుడు పోయింది."

"పోనివ్వండి. క్లాసు మాత్రం మానను. వచ్చే బ్యాచిలో మొదటినుంచీ కూర్చుంటాను."

"అందరూ పిల్లలేనండి. మీకు ఇబ్బందిగా ఉంటుందేమో."

"నాకేం లేదండి. వాళ్ళకుంటే వాళ్ళే అలవాటు పడతారు."

అమ్మాయి ఆ చార్టు రాసింది, నెగ్గింది. మెట్ల మీద ఎదురైతే థాంక్స్ చెబుతుందేమో అని ఒక మూల ఆశపడ్డాను, అదీ ఒప్పుకోవాలి. "నిన్ననే చెప్పొచ్చు కదండీ. రాత్రి మా అమ్మ అన్నం ముట్టలేదు" అని పక్కనుంచి దిగిపోయింది. క్షమించమని అడిగాను. అప్పటికే ఆమె కింద రోడ్డు మీద ఉంది.

ఇప్పుడు కొత్త బ్యాచిలో ముందు వరసలో కూర్చుంటున్నాను. వెనక పిల్లలు నన్ను చూసి గుసగుసలాడతారు, ఆడుకోనీ. చార్టులో మందుల పేర్లు కనబడగానే జబ్బు ఇప్పటికీ నా నోటిదాకా వస్తుంది. మింగేస్తాను. డాక్టరు రాసిందాన్నే కోడు చేస్తాను, రాయనిదాన్ని ప్రశ్నగా పెడతాను. ఈ పని నాకు వచ్చేదాకా ఆ కుర్చీలోంచి నన్ను లేపడం ఎవరివల్లా కాదు.