బతికున్నవాళ్ళ పేర బియ్యం

మా అమ్మమ్మ వాళ్ళ అక్క కృష్ణలో మునిగి చనిపోలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే గద్వాలలో మావాళ్ళెవరిని కదిపినా ఆ కథే చెబుతారు, కళ్ళారా చూసినట్టు చెబుతారు. శ్రీరంగాపూర్‌లోని అత్తగారింటి నుంచి పండుగకు పుట్టింటికి వస్తోందట. వరదట. ఏరు దాటించే పుట్టి తిరగబడిందట. కాళ్ళకున్న వెండి కడియాల బరువుకు తేలలేకపోయిందట. కడియాల దగ్గరికి వచ్చేసరికి మా చిన్నాయన గొంతు తగ్గించి, ఎదుటివాళ్ళ ముఖం చూస్తాడు. అది ఆయన పుట్టకముందు సంగతి.

ఈ చిన్నాయన అమ్మమ్మ తమ్ముడి కొడుకు, ఇప్పటికీ మగ్గం వదలని మనిషి. నా అనుమానం ఆ కడియాల దగ్గరే మొదలైంది. శవం దొరకలేదంటారు. మరి కడియాల బరువుకు మునిగిందని ఎవరు చూశారు? అదే అడిగితే ఆయన మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే నాడె ఆపకుండానే అన్నాడు:

"సదువుకున్నోళ్లకు అన్నిట్ల అనుమానమే. మా తాత బిడ్డకు దినాలు చేసిండు. గంత మనిషి ఉత్తగనే చేస్తడా?"

"బతికున్నోళ్లకు చేసినా దినాలు దినాలే గద చిన్నాయనా!"

"నోరు జర తక్కువ చెయ్యి బిడ్డా."

వాదన కోసం వాదిస్తానని మా ఇంట్లో నాకు పేరుంది, కాదనను. కానీ ఈసారి గొడవ నాది కాదు, అమ్మది. డెబ్బై ఎనిమిదేళ్ళ మా అమ్మ ఒక్కతే సంతానం. వరసకు అక్కలు సందు నిండా ఉన్నా తోడబుట్టినవాళ్ళు లేరు, పెద్దమ్మ పిల్లలు లేరు. కిందటేడు కంటి ఆపరేషన్ అయ్యాక కట్టు విప్పిన రోజు నాతో అంది: "కండ్లు మంచిగైనయ్. ఇగ మా పెద్దమ్మ తరఫోళ్లు ఎవరన్న ఉంటె చూపియ్యవే."

ఎక్కడని వెతకను? శ్రీరంగాపూర్‌లో ఆ ఇంటివాళ్ళు ఇప్పుడు లేరని విన్నాను, కాగితం ముక్క లేదు. వనపర్తిలో నాతోపాటు పాఠాలు చెప్పేవాళ్ళు, డీఎన్ఏ పరీక్షకు డబ్బాలో ఉమ్మి పంపితే బంధువుల జాబితా ఫోన్లోకి వస్తుందన్నారు. మా గద్వాల సందులో ఉమ్మేవాళ్ళకు కొదవ లేదు. అయితే ఆ ఉమ్మికి జవాబుగా అవతల ఇంకెవరో కూడా ఉమ్మి ఉండాలి కదా!

కాలేజీకి వెళ్ళే బస్సులో తట్టింది: పెత్తరమాస. ఆ అమావాస్యనాడు మా వైపు ప్రతి ఇంటివాళ్ళూ చాటలో బియ్యం, పప్పు, కూరగాయలు పెట్టి, పోయిన పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి ఇస్తారు. ఇంటివాళ్ళు మరిచిపోతే అయ్యగారే అందిస్తారు. కొందరు ఇంటింటి పేర్లూ నోటుబుక్కులో రాసి పెట్టుకుంటారు. మేము అమ్మమ్మ వాళ్ళ అక్క పేర ఏటా బియ్యం ఇస్తున్నాం. ఆమె నిజంగా బతికి, పిల్లల్ని కని, ఆ తర్వాత పోయి ఉంటే, ఇంకో ఊళ్ళో ఇంకో ఇల్లు కూడా అదే పేరు చెబుతూ ఉండాలి. అంటే బతికిన మనిషి జాడ పోయినవాళ్ళ జాబితాలో వెతకాలి! పక్కసీటావిడ ఉలిక్కిపడేలా తొడ చరుచుకున్నాను.

ఆ ఆదివారమే శ్రీరంగాపూర్ వెళ్ళాను. అక్కడి అయ్యగారు ఆమె అత్తవారి ఇంటిపేరు వినగానే తలూపారు. "ఆ మగ్గాలోళ్లు ఈడ లేరమ్మా. మా నాయన కాలంలనే మగ్గం అమ్మి గోపాల్‌పేటకు పోయిండ్రు, కౌలు చేసుకోనీకె." బస్సు కోసం ఆగే ఓపిక లేక ఆటో మాట్లాడుకున్నాను.

గోపాల్‌పేట అయ్యగారి నోటుబుక్కుకు అట్ట ఎప్పుడో ఊడిపోయింది. వేలు తడి చేసుకుంటూ పేజీలు తిప్పుతున్నారు. నాకైతే ఆ పుస్తకం లాక్కుని నేనే తిప్పాలనిపించింది.

"ఉన్నదమ్మా. నువ్వు చెప్పిన పేరే. నా పెండ్లైనంక చేరిన పేరిది. ముసలామె నాకు ఎరుకే."

ముసలామె! కృష్ణలో మునిగిన పడుచుపిల్ల ముసలిదై పోయిందట!

"కానీ అంతకన్న మస్తు ముందటి నుంచి ఆ ఇంటోళ్లు గద్వాల పేర్లు నాలుగు చెప్తరు. మా నాయన రాసిండు. తండ్రి, తల్లి, చెల్లె, తమ్ముడు."

ఆయన చదివిన మూడో పేరు మా అమ్మమ్మది. అమ్మమ్మ పోయింది నేను డిగ్రీ చదివేటప్పుడు. అంతకుముందు ఎన్నో ఏళ్ళు ఆమె మగ్గానికి నూలు కండెలు చుడుతూ, వక్క నములుతూ, నన్ను నోరారా తిడుతూ ఉంటే, ఇక్కడ గోపాల్‌పేటలో ఆమె పేర బియ్యం ఇస్తున్నారన్నమాట! నాకు నవ్వు ఆగలేదు.

"నవ్వేటిదేమున్నదమ్మా? సచ్చిపోయినోళ్ల పేర్లివి."

"అప్పటికి సావలేదు అయ్యగారూ, గదే నవ్వు!"

మర్నాడే గద్వాల వెళ్ళి అమ్మను కారెక్కించాను. "మోసపోతరు, మోసపోతరు" అంటూ చిన్నాయన కూడా ఎక్కాడు. కృష్ణ మీది జూరాల ఆనకట్ట దాటేటప్పుడు అమ్మ అద్దం దించి నీళ్ళకేసి చూసింది. కొత్త చీర మడతలు దారి పొడవునా సర్దుకుంటూనే ఉంది.

ఆ ఇంటి అరుగు మీద అమ్మకంటే నాలుగేళ్ళు పెద్దదైన మనిషి పల్లికాయలు ఒలుస్తోంది. ఆ మునిగిన పెద్దమ్మ కూతురు. అమ్మ ఎదురుగా నిలబడి చెప్పింది:

"నేను నీ చిన్నమ్మ బిడ్డను."

"మా చిన్నమ్మ పెండ్లి గాకముందె గత్తర రోగంల పోయింది. ఆమెకు బిడ్డెక్కడిది?"

"మరి నేనెట్ల పుట్టిన్నే? నీ తల్లి కృష్ణల మునిగె గద, నువ్వెట్ల పుట్టినవ్?"

"మా అమ్మ బయలెల్లనే లేదు! నేను కడుపుల ఉంటి, ఒకటే కక్కులు. పండుగకు పోనేలేదట." ఆమె చిన్నాయన వైపు తిరిగింది. "గీయనెవరు?"

"నీ మేనమామ కొడుకును."

"మా మామ పదేండ్లకే పోయె. నువ్వు అసలే లేవు, పో!"

ముగ్గురూ ఒకరి పుట్టుకను ఒకరు కొట్టిపారేస్తుంటే, వాదించే గుణం నాకు ఎక్కడి నుంచి వచ్చిందో తేలిపోయింది. నేను ఫోన్లో అమ్మమ్మ ఫొటో తీసి ఆమె చేతికిచ్చాను. ఆమె దాన్ని దగ్గరగా, దూరంగా పెట్టి చూసింది. ఒళ్ళోని పల్లికాయలు జారిపోయాయి.

"మా అమ్మ ముక్కు," అంది.

ఆ తర్వాత ఎవరు ఎవర్ని ముందు పట్టుకున్నారో నేను చూడలేదు. చూసేంత నిలకడగా నా కళ్ళూ లేవు. "అక్కా" అని అమ్మ గొంతు వినిపించింది, ఒకసారి కాదు, ఊరికే అంటూనే ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళు దాచుకున్నదంతా ఒకే రోజు వాడేసేలా ఉంది.

అన్నాలు తిన్నాక ఆమె కోడలితో పెట్టె తీయించి, ఒక వెండి కడియం చిన్నాయన చేతిలో పెట్టింది. పెద్దమ్మదే. జత రెండోది మనవరాలి పెళ్ళికి కరిగించారట. చిన్నాయన దాన్ని అటూ ఇటూ తూచి చూశాడు.

"మునిగేటంత బరువేం లేదు," అన్నాడు మెల్లగా. ఆయన నోట ఆ మాట వినడానికి నేను ఇరవై ఏళ్ళు వాదించాను.

ఒకే వానాకాలంలో ఇటు గద్వాలకు ఒక చావు కబురు, అటు శ్రీరంగాపూర్‌కు నాలుగు చావు కబుర్లు వచ్చాయి. ఇక్కడ "పుట్టి మునిగింది", అక్కడ "గత్తరలో ఇంటిల్లిపాదీ పోయారు". చీరలమ్ముకోవడానికి ఎంత దూరమైనా వెళ్ళే మగవాళ్ళలో ఒక్కడు కూడా ఏరు దాటి చూసి రాలేదు, ఇటువాళ్ళూ అంతే, అటువాళ్ళూ అంతే. రెండిళ్ళలోనూ అడిగాను, కబురు తెచ్చింది ఎవరని. రెండిళ్ళలోనూ ఒకటే జవాబు: "ఎవరో వచ్చి చెప్పిండట."

వచ్చే పెత్తరమాసకు అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసి ఒకే చాటలో బియ్యం ఇస్తారట. "ఈసారి నిజంగ పోయినోళ్లకే ఇద్దాం" అని అమ్మ అంటే, వాళ్ళక్క పళ్ళు లేని నోటితో పడి పడి నవ్వింది. వాళ్ళకు అది చాలు. నాకు చాలదు. ఆ వచ్చినవాళ్ళు ఇద్దరా, ఒక్కడేనా? ఒక్కడే అయితే, పుట్టి తిరగబడేంత వరదలో ఆ మనిషి కృష్ణను దేని మీద దాటాడు?