నమకావు మేడమ్‌కు ఇచ్చిన తోపుడుబండి

లుసాకాలో మే డేకి బాగా పనిచేసినవాళ్లకిచ్చే బహుమతులంటే స్టవ్వులూ దుప్పట్లూ. ఆ ఏడు సెలవులయ్యాక పేటలోని సర్కారు బడి తెరిచిన రోజున, ఒకటో తరగతి చెప్పే నమకావు మేడమ్‌కు ఒంటిచక్రం తోపుడుబండి ఇచ్చారు. దానికి ఎర్ర రిబ్బను కూడా కట్టారు. పాపం, ఆవిడ బడి మానేస్తానని చెప్పడానికే వచ్చింది. ఊరవతల ప్రైవేటు బడివాళ్లు రమ్మన్నారు. అక్కడ తరగతికి పాతికమందే.

ఇక్కడ బెంచీకి ఐదుగురు, మిగిలినవాళ్లు నేలమీద. బడి రెండు పూటలు; పొద్దుటిపూట పిల్లలు లేచి వెళ్లగానే ఆ వెచ్చటి చోట్లోనే మధ్యాహ్నంపూట పిల్లలు కూర్చుంటారు. ఇంటికెళ్తే పొయ్యిమీద నషీమా, అదే మొక్కజొన్న సంకటి, కెలికే ఓపిక కూడా ఆవిడకు ఉండదు. ఆ బడి మనిషిని పీల్చి పిప్పి చేసింది.

హెడ్మాస్టరు ఫిరి మైకు పుచ్చుకుని, "ఇంత సమర్థురాలుండగా మనకు దిగులేమిటి? టెంబో సార్ మానేశారుగా, ఆయన తరగతి పిల్లల్నీ మేడమే చూసుకుంటారు!" అన్నాడు. మంచివాడే. కానీ బాగా చేసేవాళ్లకి మరికాస్త పని తగిలించడమే గౌరవం అనుకునే రకం. ఈ గౌరవాలు భరించలేకే సగంమంది పారిపోయారు.

"బండి ఎందుకో ఇప్పుడర్థమైంది, పిల్లల్ని మొయ్యడానికి!" అని పక్కనున్న చోలా మేడమ్ గొణిగింది.

నమకావు నవ్వలేదు. సభ అయ్యాక ఫిరిని పక్కకు పిలిచి, "ఈ నెలాఖరుకి మానేస్తున్నాను సార్" అంది.

"బండి నచ్చలేదా మేడమ్? పోనీ స్టవ్ ఇప్పించనా?"

"వస్తువులొద్దు సార్. టెంబో సార్ పిల్లల్ని రేపొక్కరోజు మీరే చూడండి."

ఫిరికి పౌరుషం వచ్చింది. మర్నాడు కోటు విప్పి తరగతిలోకి వెళ్లాడు. గోడ ఇవతల మేడమ్‌కు అంతా వినిపిస్తూనే ఉంది. మొదట పాట, తర్వాత కేకలు, ఆపైన బతిమాలుకోవడం. బడి వదిలాక వచ్చి ఆవిడ తరగతి గుమ్మంలో కూలబడ్డాడు. గొంతు బొంగురుపోయింది.

"ఇన్నేళ్లూ ఎలా చేశావమ్మా?"

ఆ మాట ఎవరైనా అడుగుతారేమోనని ఎన్నాళ్లుగానో ఎదురుచూసిన మనిషి ఆవిడ. ఏడుపు ఆగలేదు.

"టెంబో సార్ పిల్లల్ని మీరే ఉంచుకుంటారా? నా తరగతిని రెండు చేస్తారా?"

"చేస్తాను. ఒట్టు."

చేస్తాడనే ఆవిడకు నమ్మకం కుదిరింది. అందుకే మరీ బాధేసింది.

"నిన్న అడిగుంటే ఉండిపోయేదాన్ని సార్. ఇవాళ పొద్దున ఆ ప్రైవేటు బడివాళ్లకి సంతకం పెట్టొచ్చాను. వెళ్లి ఇదే మాట చోలా మేడమ్‌ని అడగండి. ఆవిడ ఇంకా ఎక్కడా సంతకం పెట్టలేదు."