బాన్సువాడ మిల్లుకు ఎనభై ఆంపియర్ల ప్రయాణం

2003 వరికోతల రోజుల్లో ఒక సాయంత్రం బాన్సువాడ నుంచి గఫార్ భాయ్ ఫోన్ చేశాడు. ఆయన పిట్లం రోడ్డులోని బాయిల్డ్ రైస్ మిల్లులో ఎలక్ట్రీషియన్. నేను నిజామాబాద్‌లో కరెంటు ప్యానెళ్లు కట్టేవాణ్ణి. "అన్నా, డ్రయ్యర్ ఫ్యూజులు కాలినయి. వంద ఆంపియర్లయి. ఉడకబెట్టిన వడ్లున్నయి, రేపు పొద్దూకేలోపల ఆరకుంటే అన్నీ ఖరాబైతయి" అన్నాడు. వంద అన్నాడు కదా అని వంద ఆంపియర్ల ఫ్యూజులు మూడు, వాటి హోల్డర్లు సంచిలో వేసుకున్నాను. ఇలాంటి పనులు బోలెడు చేశానన్న ధీమా నాది.

మీరూ ఇటు మిల్లు పనికి వెళ్తుంటే పొద్దున ఆరింటి బస్సే ఎక్కండి. వర్ని మీదుగా రెండు గంటల లోపే చేరుస్తుంది. అప్పట్లో టికెట్ ఇరవై చిల్లర. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉంటాయి కాబట్టి ఇంకో అరగంట వేసుకోండి. బస్టాండు నుంచి మిల్లుకు షేరింగ్ ఆటోలో ఐదు రూపాయలు. మిల్లు పేరు చెప్పగానే ఆటో అన్న ముక్కు మూసుకున్నాడు. "గా మిల్లుకా? పొద్దుగాల్నుంచే వడ్లు పులిసిన వాసనొస్తుంది." కొంచెం తొందరగా పోనియ్యమన్నాను.

కాలిన ప్రతి ఫ్యూజునూ తీగకు గుచ్చి ప్యానెల్ తలుపుకు వేలాడదీయడం గఫార్ భాయ్ అలవాటు. ఒకటి తీసి దాని మీద రాత చూశాను. అమెరికా ఫ్యూజు! ఆ ప్యానెల్‌ను ముంబై పాత సామాన్ల బజారులో కొని, మద్నూర్ మీదుగా లారీలో తెచ్చారట. నేను ఫోన్‌లో అంకె విన్నానే గానీ, ఏ దేశపు లెక్కని అడగలేదు. తప్పు నాదే.

"వంద తీసి వంద పెట్టుమంటే గింత కథేంది తమ్మీ?" అన్నాడు యజమాని రాజిరెడ్డి పటేల్.

"అమెరికావాళ్ల వంద మీద దినమంతా ఎనభై కన్నా ఎక్కువ లాగొద్దు పటేలా. మన వంద దినమంతా వంద మోస్తది, ఇంకా చానా పైకి పోతెగాని తెగది. మన వంద పెడితే మోటారు కాలేదాకా సూస్తుంటది. దీనికి మన ఎనభై కావాలె."

"వడ్లు ఖరాబైతే నువ్విస్తవా?"

లోపల భయమేసినా, వంద మాత్రం పెట్టనని తల అడ్డంగా ఊపాను. గఫార్ భాయ్ కేబులు తడిమి, "వైరు గూడ సన్నదే పటేలా, మన వందకు ఆగది" అని స్కూటరు తీశాడు.

బాన్సువాడ దుకాణాల్లో ఎనభై దొరకలేదు. పిట్లంలో బోరు మోటార్ల సామాన్లమ్మే షాపులో దొరికాయి. ఐదు వందల వోల్టులకు పనికొస్తాయా, నేను తెచ్చిన హోల్డర్లలో పడతాయా అని చూసి మూడు తీశాను. "ఆరు తీస్కో" అని గఫార్ భాయ్ పట్టుబట్టాడు. పన్నెండున్నరకు డ్రయ్యర్ తిరిగింది. పటేల్ మొహం విప్పారింది.

ఒంటిగంటకు డ్రయ్యర్ ఫ్యాను మూలగడం మొదలుపెట్టింది. కాసేపటికి ఫ్యూజు తెగింది.

"ఇగో, నీ ఎనభై!" అని పటేల్ అరిచాడు.

గఫార్ భాయ్ మోటారు మీద చెయ్యి పెట్టి, ఫ్యాను బేరింగు తిప్పి చూశాడు. బిగుసుకుపోయింది. "మోటారు మంచిగనే ఉంది పటేలా. బరువెక్కువైతే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే ఎన్నడో మనమే తీసేస్తిమి. గా వంద పెట్టి ఉంటే ఇప్పుడు పొగొస్తుండె." మూడింటికి కొత్త బేరింగు, మిగిలిన మూడు ఫ్యూజులు వేశాం. పొద్దూకేసరికి వడ్లు ఆరాయి. అప్పుడు పటేల్ నా దగ్గరికి వచ్చి, "పొద్దుగాల్నుంచి అన్నం తిన్నవా తమ్మీ?" అన్నాడు. నాకు కళ్లు చెమర్చాయి.

తిరుగు బస్సులో చాలాసేపు ఆలోచించాను. ఫ్యూజు మీద అంకె ఒకటే అయినా, దాని వెనక లెక్క దేశానికొకటి. అది తెలిసి కూడా అడగడం మరిచినవాణ్ణి నేనే. మీకో సలహా: ఫోన్‌లో అంకె విని బయలుదేరకండి. కాలిన ఫ్యూజునే బస్సు కండక్టరుకిచ్చి పంపించమనండి. నేను తీసుకెళ్లిన వంద ఆంపియర్ల ఫ్యూజులు మూడూ అదే సంచిలో నాతోనే ఇంటికొచ్చాయి.