బాబాయిగారి చిన్న సందేహం

సందేహం బాబాయికి ఉన్నది ఒకే ఒక్క జబ్బు. ప్రశ్న అడగకుండా ఆయన ఏ పనీ చెయ్యలేడు. నడుస్తున్న బస్సులో కూర్చుని "ఈ బస్సు నడుస్తుందంటారా?" అని కండక్టర్ని అడిగిన మనిషి. పళ్ళ డాక్టరు పీకిన పన్ను చేతిలో పెడితే అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది నాదేనా?" అన్నాడట. ప్రతి ప్రశ్నకీ ముందు ఒకటే పల్లవి: "చిన్న సందేహం." పెద్ద సందేహమన్నది ఆయనకి పుట్టి బుద్ధెరిగాక రాలేదు.

బడిపిల్లల పుస్తకాలు అచ్చువేసే ఆఫీసులో ఆయన ప్రూఫులు దిద్దుతాడు. దిద్దుతాడని పేరే గానీ, ఎవరి తప్పునీ కొట్టెయ్యడు. నది కొండెక్కిందని రచయిత రాసినా సరే, మార్జిన్లో ఎర్ర సిరాతో ఒక ప్రశ్నార్థకం పెట్టి ఊరుకుంటాడు. "తప్పని చెబితే మనిషికి పౌరుషం పొడుచుకొస్తుందయ్యా. ప్రశ్న వేశామనుకో, తనే చూసుకుంటాడు" అనేవాడు.

ఆ ఆఫీసులోనే పేజీలు కట్టే పెద్దక్క ఈ మాట ఏనాడూ చెవిన పెట్టలేదు. పెద్దక్క అంటే వయసులో పెద్దదని కాదు. పదకొండేళ్ళుగా కంప్యూటర్ల విషయంలో ఆవిడ మాటే వేదం. ఎవరి ఫైలు కనపడకపోయినా, ఎవరి అక్షరాలు డబ్బాలైపోయినా "పెద్దక్కా!" అని కేక. ఆవిడ కిటికీ పక్క కుర్చీలోంచి మహారాణిలా లేచి వచ్చి, రెండు మీటలు నొక్కి, "ఇంతేగా!" అని వెళ్ళిపోయేది. ఆ "ఇంతేగా" అనడంలో ఉన్న సుఖం ఆవిడకి జీతంలో కూడా లేదు.

అలాంటిది ఒక సోమవారం పాత లాప్‌టాప్‌లన్నీ తీసేసి కొత్తవి పెట్టారు. వాటి ఆపరేటింగ్ సిస్టమే వేరు. కుడి మూలన ఉండాల్సిన మూసే గుర్తు ఎడమ మూలకి పోయింది. పేజీ కిందికి జరపబోతే పైకి పోతోంది. కాపీ కోసం పదకొండేళ్ళుగా చిటికెనవేలు నొక్కిన మీట ఇప్పుడు ఉలకదు, పలకదు. ఆ పని బొటనవేలికి అప్పగించారట. సొంతింట్లో గుమ్మం ఎక్కడుందో తెలియనట్టు తడుముకుంది పెద్దక్క.

అది చాలదన్నట్టు కొత్తావిడ వచ్చింది. వేరే శాఖ నుంచి బదిలీ. ఆ సిస్టం మీదే ఆరేళ్ళు పనిచేసిందట. తాడిని తన్నేవాడుంటే వాడి తల దన్నేవాడుంటాడని ఊరికే అన్నారా! రెండో రోజుకే "పెద్దక్కా" కేకలు ఆగి "మేడమ్, ఒక్కసారి" కేకలు మొదలయ్యాయి. కొత్తావిడ నవ్వుతూ వచ్చి, రెండు మీటలు నొక్కి, "ఇంతేనండీ" అనేది. చివరికి తన మాట కూడా ఎత్తుకుపోయిందని పెద్దక్క కడుపు భగ్గుమంది.

ఇక కొత్తావిడ ఏం చేసినా తప్పే. నవ్వితే పళ్ళు చూపించుకోవడానికి. నవ్వకపోతే పొగరు. "చూశావా, టీ కూడా ఎడమచేత్తోనే తాగుతోంది, ఆ దిక్కుమాలిన సిస్టంలాగే" అని గొణుక్కుంది ఒకరోజు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా మేనేజరు ప్రకటించాడు. "నెలాఖరుకి పేజీల విభాగానికి ఒక పెద్దని వేస్తాను. కొత్త సిస్టం మీద అందరికీ సాయం చెయ్యగలిగినవాళ్ళకే ఆ పని. కిటికీ పక్క కుర్చీ వాళ్ళదే." ఈ మాట పెద్దక్క ఆ కుర్చీలో కూర్చునే విన్నది.

కొత్తావిణ్ణి అడిగితే రెండు రోజుల్లో వచ్చేసే విద్య. కానీ అడగడమా? చచ్చినా అడగదు. తనని అడిగేవాళ్ళూ ఇప్పుడు లేరు, ఒక్క బాబాయి తప్ప.

"అమ్మాయీ, చిన్న సందేహం. ఈ ఫైలు మూసేదెలాగమ్మా?"

"నన్నెందుకు అడుగుతారు బాబాయ్? లోకమంతా ఆవిణ్ణి అడుగుతోందిగా!"

"నీకు తెలీదా? పోనీలే, కొత్తావిణ్ణే..."

"ఆగండి! తెలీదని ఎవరన్నారు? పనిలో ఉన్నాను. అరగంటాగి రండి."

ఆ అరగంటలో పెద్దక్క లాప్‌టాప్‌ని పీకి పాకం పెట్టింది. బాబాయి మళ్ళీ వచ్చేసరికి, "ఎడమ మూల, ఎర్ర చుక్క. ఇంతేగా!" అంది. చాలా రోజులకి నోరు తీపెక్కింది.

మర్నాటి నుంచి సందేహాలకి అంతులేదు. "ఈ పేజీ తలకిందులుగా జారుతుందేమమ్మా?" "చెరిపేసినవి ఏ లోకానికి పోతాయి?" "రెండు పాఠాలు పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చా?" ప్రతిదానికీ చివర ఒక తోక: "తెలీకపోతే చెప్పు, కొత్తావిణ్ణి..." ఆ మాట పూర్తి కాకుండానే పెద్దక్క వేళ్ళు మీటల మీద ఉండేవి. కొత్త సిస్టం గురించి బస్సులో చదివింది. పొయ్యి దగ్గరా చదివింది.

"పాలు పొంగుతున్నాయే!" అన్నాడు మొగుడు.

"పొంగనీ. నన్ను ఆవిడ ముందు తల వంచమంటావా?"

"పాలకీ ఆవిడకీ సంబంధమేంటి?"

"అన్నిటికీ ఉంది!"

మూడోవారంలో బాబాయి అన్నిటికన్నా గట్టి సందేహం తెచ్చాడు. "పాత పాఠాలు ఇందులో తెరిస్తే అక్షరాలన్నీ డబ్బాలవుతున్నాయి. వాటికి మోక్షం లేదా?" దానికి అరగంట చాల్లేదు, నాలుగు రోజులు పట్టింది. అయిదో రోజు డబ్బాలు విచ్చుకుని అక్షరాలయ్యాయి. పెద్దక్క కుర్చీలోంచి ఎగిరినంత పనిచేసింది.

ఆ మధ్యాహ్నమే కొంప మునిగింది. అన్నం డబ్బా విప్పుతూ తలెత్తితే, అద్దం తలుపు అవతల బాబాయీ కొత్తావిడా ఒకే బల్ల దగ్గర! పైగా బాబాయి వేళ్ళు మీటల మీద గుర్రాల్లా పరుగెడుతున్నాయి. రెండు పాఠాలు పక్కపక్కన తెరిచాడు, కాపీ కొట్టాడు, మూశాడు. ఎర్ర చుక్క కోసం వెతకనైనా లేదు.

ఉన్న ఒక్క బేరాన్నీ లాగేసుకుంది మహాతల్లి! పెద్దక్క డబ్బా మూసి విసవిసా వెళ్ళింది. ఈలోగా కొత్తావిణ్ణి మేనేజరు పిలిచాడు, బాబాయి చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. ఖాళీ బల్ల మీద లాప్‌టాప్ కింద ఒక కాగితం అంచు కనపడింది. లాగింది.

కొత్తావిడ దస్తూరీ. 'ముందు నేర్చుకోవాల్సినవి' అని వరసగా పద్దెనిమిది. ఫైలు మూయడం, పేజీ జరపడం, చెరిపినవి వెతకడం. ఒక్కోదాని పక్కన మార్జిన్లో ఎర్ర ప్రశ్నార్థకం, దాని పక్కన "వచ్చేసింది" అని బాబాయి రాత. పద్దెనిమిదోది డబ్బాల సంగతి. దాని పక్కన కొత్తావిడే రాసింది: "ఇది నాకూ తెలీదు." కింద బాబాయి: "అమ్మాయికి వచ్చేసింది!"

"ఏంటి బాబాయ్ ఇది?" చేతులు తుడుచుకుంటూ వచ్చిన ఆయన్ని నిలేసింది.

"ప్రూఫమ్మా."

"ఎవరి తప్పులకి?"

"తప్పులా? ఎక్కడైనా కొట్టివేత ఉందేమో చూడు."

ఎక్కడా లేదు. అన్నీ ప్రశ్నార్థకాలే.

"నువ్వు ఆవిణ్ణి అడగవు. అందుకని ఆవిణ్ణి నేనడిగి, నిన్నూ నేనే అడిగాను" అన్నాడు బాబాయి, నేల చూపులు చూస్తూ.

పెద్దక్కకి కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ అది నోటిదాకా వచ్చేసరికి నవ్వైపోయింది. అప్పుడు కాగితం అడుగున పంతొమ్మిదోది కనిపించింది, బాబాయి సొంత రాత: "వీళ్ళిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టేదెలా?" దాని పక్కన ఏమీ లేదు.

ఇంతలో కొత్తావిడ మేనేజరు గదిలోంచి వచ్చి, తడబడుతూ నిలబడింది.

"నన్ను విభాగానికి పెద్దగా ఉండమన్నారండీ. డబ్బాల సంగతి నాకు రాదు, మీకే వచ్చని చెప్పేశాను. పెద్దక్కా... అదెలా చేశారో చెప్తారా? అడగాలంటే మీరేమంటారోనని భయం."

పెద్దక్కా! ఆ పిలుపు ఆ నోటి నుంచి! "కుర్చీ తెచ్చుకో" అంది పెద్దక్క, బింకంగానే.

కిటికీ పక్కన రెండో కుర్చీ పడింది. పది నిమిషాల తర్వాత "ఇంతేగా!" అని వినిపించింది. బాబాయి ఎర్ర పెన్ను తీసి పంతొమ్మిదోదాని పక్కన ఏదో రాసుకున్నాడు.

మేనేజరు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. "ఇక్కడ రెండు కుర్చీలేంటి? పెద్ద ఒక్కరేగా?"

"సార్, చిన్న సందేహం" అన్నాడు బాబాయి. "ఒక్కరే ఉండాలని ఎక్కడైనా రాసుందాండీ?"

మేనేజరు బుర్ర గోక్కుని, తన గదిలోకి వెళ్ళి తనే చూసుకున్నాడు. ఎక్కడా రాసి లేదు.

అలా ఇద్దరూ అక్కడే స్థిరపడ్డారు. ఇప్పుడు కేక వేస్తే ఇద్దరూ లేస్తారు. కాకపోతే కొత్తావిడ కుర్చీ కిటికీకి ఒక బెత్తెడు దగ్గరగా ఉందేమోనని పెద్దక్కకి ఇప్పటికీ చిన్న సందేహం.