అవ్వ దండెం, టెంట్ల మైకు

నిన్న స్టేషన్ ఘన్‌పూర్ నడిరోడ్డు మీద నా పరువు ఎట్ల పోయిందో చెప్త, జర ఇనుండ్రి. తప్పు మొత్తం నాదే అనేటోళ్లుంటే ఇప్పుడే చాయ్ తాగి లేసి పొండ్రి! సగమే నాది. మిగిలిన సగం యాకయ్యది. యాకయ్య అంటే మా గల్లీ కరెంటు పనోడు.

సమ్మె వడ్డంక మా సార్లందరి బళ్లు బందయినయి గద. మా ఇంటి ముంగట్నే, రోడ్డు పొంటి, దీక్ష టెంటు ఏసిండ్రు. పొద్దంత నేను ఆడనే. మొదటి దినమే యాకయ్యతోని అన్న, "మైకుకు కరెంటు మా ఇంట్లకెల్లి తీస్కోరాదు! తెలంగాణ కోసం గా మాత్రం ఇయ్యలేమా?" అని. ఎట్ల తీసిండో నేనడుగలే, ఆయన చెప్పలే.

ఇంకోటి చెప్పాలె. రెండేండ్ల కింద ఇంటికి కొత్త వైరింగ్ చేపిచ్చినం. పాత వైర్లు పీకెయ్యమంటే, "ఉండనీయి సారూ, దేనికన్న పనికొస్తయి" అన్నడు. ఎవరు? గా యాకయ్యనే! గట్ల ఒక వైరు చూరుకెల్లి వాకిలి మీదికెల్లి పోయి ప్రహరీ గోడకు కట్టి ఉండిపోయింది. ఒకప్పుడు బర్ల కొట్టంల కరెంటు బుగ్గకు పోయేది. ఇప్పుడు కొట్టం లేదు, బర్లు లేవు, వైరు మాత్రం ఉన్నది. మా అవ్వ దాన్ని దండెం చేస్కున్నది.

వారం సంది అవ్వ ఒకటే లొల్లి. "కొడుకా, తడి చీర ఆరేస్తాంటె చెయ్యి జిల్లుమంటాందిరా."

"అది సచ్చిన వైరవ్వా. అండ్ల కరెంటెక్కడిది? నీ నరాల వీక్‌నెస్సు గది!"

"నా నరాలకేమైంది? మంచిగనే ఉన్నయి!"

నిన్న పొద్దుగాల ఏడింటికి ఆమె చెయ్యి గుంజుకొని వాకిట్లనే కూలబడ్డది. నిజం చెప్తాన, నాకు భయమైంది. డెబ్బై దాటిన మనిషి, ఏమన్నయితే? ఇల్లంత దేవులాడి టెస్టర్ పట్టుకొచ్చేసరికి తొమ్మిదయింది. వైరు మీద తోలు ఊడిన కాడ పెట్టిన. ఎలగలే. ఇంకోసారి పెట్టిన. ఊహూఁ!

"చూసినవా? సున్నా కరెంటు!"

అవ్వ టెస్టర్ దిక్కు చూడలే, నా మొఖం దిక్కు చూసింది. సరే, ఆమె తృప్తి కోసం ఆ వైరు తీసేద్దామనుకున్న. కటింగ్ ప్లేయర్ తెచ్చి ఇటు ఒక కోత, అటు ఒక కోత. చుట్ట చుట్టి అర్రల మొలకు తగిలేసిన. చూరు కాడ మూరెడు ముక్క కిందికి ఏలాడుతాంది. ఉండనీ, ఏం జేస్తదనుకున్న. స్నానం చేసి, తెల్లంగి తొడుక్కొని టెంటుకు పోయిన. ఎందుకంటె నిన్న మాట్లాడే వంతు నాది.

పదకొండింటికి మైకు ముంగట నిలవడ్డ. "అన్నలారా, అక్కలారా..." మైకు పలుకలే. తట్టిన. ఊదిన. లాభం లేదు. పక్కన చాయ్ హోటళ్ల ఫ్యాను గిరగిర తిరుగుతాంది!

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "చూసిండ్రా కుట్ర? ఊరంత కరెంటున్నది, మన టెంటుకే లేదు! మన గొంతు నొక్కుతాండ్రు! ఎవడు వాడు?" అని గొంతు చించుకున్న. జనం లేసిండ్రు. జై తెలంగాణ అని ఒకటే నినాదాలు. నాకు ఉషారొచ్చింది. "గా ద్రోహిని పట్టుకోని ఈడికి గుంజుకరాండ్రి!" అన్న.

యాకయ్య మైకు వైరు పట్టుకోని ఎనుకకు ఎనుకకు నడిచిండు. ఎనుక నేను, నా ఎనుక నలభై మంది. వైరు మా ప్రహరీ గోడ కాడికి పోయి ఆగింది.

"సారూ, ఈడికెల్లి నీ పాత వైరు ఉండాలె. ఎవడో కోసిండు!"

నలభై మందికి మొఖం చూపియ్యలేక గోడ దిక్కు తిరిగిన. అంతల గోడ మీదికెల్లి చూస్తే, మా అవ్వ చూరు కింద నిలవడి ఉన్నది. చేతుల తడి చీర. కళ్ల ముంగట ఏలాడే ముక్క అడ్డమున్నదని పక్కకు జరుపనీకె చెయ్యి లేపుతాంది.

"అవ్వా! ముట్టకు!" యాకయ్య ఒర్రుకుంట ఉరికి పోయి మెయిన్ బంద్ చేసిండు. నేను అవ్వను గుంజి కావలిచ్చుకున్న.

"నేను టెస్టర్ పెట్టి చూసిన యాకయ్యా!" అన్న.

"ఎప్పుడు?"

"తొమ్మిదింటికి."

"తొమ్మిదింటికి ఊరంత కరెంటు కోతనే గద సారూ! ముందుగాల నడిచే పాయింట్ల పెట్టి చూడాలె టెస్టర్ ఎలుగుతాందా లేదా అని. మెయిన్ బంద్ చెయ్యకుంట వైరు కోస్తరా? పనికిరాని వైరంటే బోర్డు కాడికెల్లే ఊడదీయాలె, గిట్ల ఏలాడదీస్తరా?"

నాకు తిక్క లేసింది. "మరి నువ్వు? సచ్చిన వైరుకు పానం పోస్తివి, ఇంట్లోళ్లకు ఒక్క మాట చెప్పొద్దా? పీకెయ్యమన్ననాడు ఉండనీయి అంటివి! మా అవ్వకు ఏమన్నయితే ఎవడు జవాబు?"

యాకయ్య తల దించుకున్నడు. నేను గూడ దించుకున్న. గోడవతల నలభై మంది మాత్రం తలలెత్తే ఉన్నరు, తలుపు తీసున్న అర్రల ఏలాడే వైరు చుట్ట కనవడ్డది వాళ్లకు.

యాకయ్య మెల్లగ అడిగిండు. "ఏమనుకోకు సారూ. ఇంతకు నువ్వు బళ్లె ఏం జెప్తవ్?"

తెలుగు అని చెప్దామని నోరు తెరిచిన. మా అవ్వ ముందుగాలనే అందుకున్నది.

"సైన్సు, బిడ్డా! కరెంటు పాఠం వీడు చెప్పినట్టు ఎవ్వలు చెప్పరట."

"ఎవలన్నరవ్వా?"

"ఎవలంటరు? వీడే అంటడు."